ప్రోగ్రాములో సంఖ్యలు రాయడం ఎలా? మా ల్యాబ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఒక చిన్న కంప్యూటర్ ల్యాబ్‌లో సాయంత్రం బ్యాచ్‌లకు సీ, జావా, పైథాన్ చెప్తాను. ఆమదాలవలస, నరసన్నపేట, రాజాం వైపు నుంచి బస్సుల్లో వచ్చే డిగ్రీ, డిప్లొమా పిల్లలే ఎక్కువ. లూపులు, పాయింటర్లు కష్టమని అందరూ భయపడతారు. నేను చూసినంతలో మొదటి నెలలో పిల్లల్ని ఎక్కువ ఏడిపించేది మాత్రం మామూలు అంకె. మనం కాగితం మీద రాసినట్టే రాస్తాం, మెషిన్ ఇంకోలా చదువుతుంది. చాలాసార్లు ఎర్రర్ కూడా ఇవ్వదు. అందుకే పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒక మాట ముందే. కోడ్‌లో వచ్చే ఇంగ్లీషు అక్షరాలకు ఇక్కడ వాటిని పలికే పేర్లు రాశాను. "సున్నా ఎక్స్" అని ఉంటే కీబోర్డు మీద 0 కొట్టి, పక్కన ఇంగ్లీషు ఎక్స్ అక్షరం కొట్టాలి.

కాన్‌స్టెంట్, లిటరల్ రెండూ ఒకటేనా?

సీ పుస్తకాల్లో కాన్‌స్టెంట్ అంటారు, జావా, పైథాన్ వాళ్లు లిటరల్ అంటారు. ప్రోగ్రాములో నేరుగా రాసిన 25, 3.14 లాంటి విలువ అన్నమాట. కాన్‌స్ట్ అనో ఫైనల్ అనో పెట్టి పేరు ఇచ్చి, మళ్లీ మార్చకుండా వాడుకునేది వేరు. అది పేరున్న స్థిరాంకం. పరీక్షలో ఈ రెండిటికీ తేడా అడుగుతారు, కలిపేయకండి.

రోల్ నంబరు 010 అని ఇస్తే 8 వస్తోంది. కంప్యూటర్ పాడైందా?

పాడవలేదు. ఇది నా కళ్లముందే జరిగింది కాబట్టి మొత్తం చెప్తాను.

ఒకమ్మాయి పదిహేను మంది హాజరు కోసం సీలో ప్రోగ్రాం రాసింది. అటెండెన్స్ రిజిస్టర్‌లో ఎలా ఉందో అలాగే 001, 002, 003 అని అరేలో టైప్ చేసుకుంటూ వెళ్లింది. కంపైల్ చేస్తే 008 దగ్గర, 009 దగ్గర ఎర్రర్. ఆ రెండిటికీ ముందున్న సున్నాలు తీసేసి 8, 9 అని పెట్టింది. ఎర్రర్లు పోయాయి. సంతోషంగా రన్ చేస్తే తెర మీద ఇలా వచ్చింది: 1, 2, 3, 4, 5, 6, 7, 8, 9, 8, 9, 10, 11, 12, 13.

"మేడమ్, ఇదేటి, ఎనిమిది రెండుసార్లు వచ్చింది?" అంది. రెండు ఎనిమిదులు, రెండు తొమ్మిదులు. పదిహేనో పిల్లాడి నంబరు 13 అయిపోయింది. అంటే పదో నంబరు పిల్లాడు రాకపోతే ఎనిమిదో నంబరు పిల్లాడికి ఆబ్సెంట్ పడుతుంది.

సీ, జావాల్లో ముందు సున్నా పెట్టి రాస్తే అది పదుల లెక్క కాదు, ఎనిమిదుల లెక్క. దాన్ని ఆక్టల్ అంటారు. అందులో 0 నుంచి 7 వరకే అంకెలు. 7 తర్వాత 10. కాబట్టి 010 అంటే ఒక ఎనిమిది, సున్నా ఒకట్లు. 0125 అని రాస్తే 64, 16, 5 కలిసి 85 అవుతుంది. 008లో ఉన్న 8 ఆ లెక్కలో లేని అంకె కాబట్టి కంపైలర్ అరిచింది. 001 నుంచి 007 దాకా రెండు లెక్కల్లోనూ ఒకటే విలువ కాబట్టి తప్పు బయటపడలేదు. ఆ అమ్మాయి ఎర్రర్ వచ్చిన రెండు చోట్లే సర్దింది, ఎర్రర్ రాని చోట ఉన్న తప్పు అలాగే ఉండిపోయింది.

సున్నాలు తెర మీద కావాలంటే ప్రింట్ చేసేటప్పుడు పెట్టుకోవాలి. ప్రింట్ఎఫ్‌లో పర్సెంట్ గుర్తు తర్వాత 03 పెట్టి, ఆ పక్కన డీ రాస్తే 8 కాస్తా 008గా కనిపిస్తుంది.

ముందు సున్నాకి అంత అర్థం ఎందుకు పెట్టారు?

సీ భాషను 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారు చేశారు. ఈ సున్నా పద్ధతి దానికి ముందున్న బీ భాష నుంచే వచ్చింది. అప్పట్లో వాళ్ల దగ్గరున్న పీడీపీ-7 మెషిన్‌లో ఒక పదం (మెషిన్ ఒక్కసారి పట్టుకునే ముక్క) 18 బిట్లు. బిట్ అంటే 0 లేదా 1. మూడు బిట్లకు ఒక ఆక్టల్ అంకె చొప్పున ఆరు అంకెల్లో సరిగ్గా సరిపోతుంది. వాళ్లు రోజూ వాడే లెక్క అది, కాబట్టి పొట్టిగా ఉండాలని కాబోలు, ఒక్క సున్నాతో సరిపెట్టారు. ఇప్పటికీ లినక్స్‌లో ఫైలు అనుమతులకు 0755 అని రాస్తారు, అది ఆక్టలే. మామూలు లెక్కలో 493.

పైథాన్ 3 ఈ గొడవను తీర్చేసింది. 010 అని రాస్తే ఎర్రరే. ఆక్టల్ కావాలంటే సున్నా పక్కన ఓ అక్షరం పెట్టమంటుంది. నాకు ఇది చాలా నచ్చిన నిర్ణయం. తప్పు ఫలితం ఇచ్చే బదులు ఆగిపోవడం మేలు. జావాస్క్రిప్ట్ అయితే మామూలు మోడ్‌లో 010ని 8 అంటుంది, 08ని కూడా 8 అంటుంది. స్ట్రిక్ట్ మోడ్‌లో రెండిటికీ ఎర్రర్ ఇస్తుంది.

మరి ఫోన్ నంబరు, ఎస్టీడీ కోడ్, పిన్‌కోడ్ ఎలా రాయాలి?

కొటేషన్లలో, అక్షరాల వరసగా, అంటే స్ట్రింగ్‌గా రాయాలి.

శ్రీకాకుళం ఎస్టీడీ కోడ్ 08942, విజయనగరానిది 08922. సంఖ్యగా రాస్తే రెండూ ఎర్రర్లే, ఎందుకంటే రెండిట్లోనూ 8, 9 ఉన్నాయి. పోనీ సున్నా తీసేస్తే అది ఎస్టీడీ కోడే కాదు. 9తో మొదలయ్యే పది అంకెల సెల్ నంబరు 32 బిట్ల పూర్ణాంక రకమైన ఇంట్‌లో పట్టదు, దాని గరిష్ఠం 2147483647. పదహారు అంకెల కార్డు నంబరును జావాస్క్రిప్ట్‌లో సంఖ్యగా రాస్తే చివరి అంకె మారిపోయే ప్రమాదం ఉంది. 9007199254740993 అని రాసి చూడండి, చివర 2 వస్తుంది.

532001, 535001 లాంటి పిన్‌కోడ్లకు ఈ ఇబ్బందులేవీ రావు. అయినా నేను స్ట్రింగే పెట్టమంటాను. శ్రీకాకుళం పిన్‌కోడ్‌నీ విజయనగరం పిన్‌కోడ్‌నీ కూడితే వచ్చేదానికి అర్థం ఏమైనా ఉందా? కూడడం, తీసేయడం ఎప్పటికీ చేయని దాన్ని అంకెల్లో కనిపించినంత మాత్రాన సంఖ్య అనుకోకండి. హాల్ టికెట్ నంబరూ అంతే, ఆధార్ నంబరూ అంతే.

లక్షన్నరను 1,50,000 అని రాయొచ్చా?

రాయకూడదు. రాస్తే ఏమవుతుందో మాత్రం తెలుసుకోవాలి, ఎందుకంటే ఒక్కో భాష ఒక్కోలా మోసం చేస్తుంది.

పైథాన్‌లో ఎక్స్ = 1,50,000 అని రాస్తే ఎర్రర్ రాదు. మూడు విలువల టపుల్ తయారవుతుంది: (1, 50, 0). చివరి 000 ఒట్టి సున్నా అయిపోతుంది. అన్నీ సున్నాలే అయితే పైథాన్ ఒప్పుకుంటుంది మరి. అదే 2,05,000 అని రాస్తే 05 దగ్గర ఎర్రర్ వస్తుంది. అంటే ఒకే అలవాటు, ఒక సంఖ్యకు పనిచేసినట్టు కనిపిస్తుంది, ఇంకో సంఖ్యకు ఆగిపోతుంది. పిల్లలు గంటసేపు తల పట్టుకునేది ఇక్కడే.

సీలో ముందే డిక్లేర్ చేసిన వేరియబుల్‌కు ఎక్స్ = 1,50,000; అని ఇస్తే, ఎక్స్‌లోకి వెళ్లేది 1 ఒక్కటే. కామా అక్కడ ఆపరేటర్. 50, 000 లెక్కలోకి వచ్చి ఊరికే పోతాయి. డిక్లేర్ చేసే లైన్లోనే అలా రాస్తే మాత్రం ఎర్రర్ ఇస్తుంది. లక్షన్నర బాకీ రూపాయి బాకీగా మారడానికి రెండు కామాలు చాలు.

చదవడానికి వీలుగా విడగొట్టాలంటే మంచి దారి ఉంది. పైథాన్ 3.6 నుంచి, జావా 7 నుంచి అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు: 1_50_000. వేలకోసారే పెట్టాలన్న నియమం లేదు కాబట్టి మన లక్షలు, కోట్ల పద్ధతిలో 2_35_00_000 అని హాయిగా రాసుకోవచ్చు. పైథాన్‌లో రెండు అండర్‌స్కోర్లు పక్కపక్కన పెట్టకూడదు, చివర పెట్టకూడదు. సీ++14లోనూ, సీ23లోనూ (ఇవి ఆ భాషల ప్రమాణాల పేర్లు) అండర్‌స్కోర్ బదులు ఒంటి కొటేషన్ గుర్తు: 1'50'000. కాలేజీ ల్యాబుల్లో ఉండే పాత టర్బో సీలో ఇవేవీ లేవు. అక్కడ గుక్క తిప్పకుండా 150000 అని రాయడమే.

బైనరీ ఎంత చెప్పినా ఎక్కడం లేదు. తేలిగ్గా చెప్పండి.

మీ ఇంట్లో అమ్మమ్మనో నాన్నమ్మనో ధాన్యం కొలతలు అడగండి. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. ప్రతిదీ కింద దానికి రెట్టింపు. బైనరీ అంటే సరిగ్గా ఇదే.

పదమూడు తవ్వల బియ్యం కొలవాలి అనుకోండి. ముందు కుంచం తీసుకుంటాం, ఎనిమిది తవ్వలు పోయాయి, ఇంకా అయిదు. అడ్డతో ఒకసారి, నాలుగు పోయాయి, మిగిలింది ఒకటి. మానిక పెద్దదైపోతుంది, వద్దు. తవ్వతో ఒకసారి. కుంచం 1, అడ్డ 1, మానిక 0, తవ్వ 1. వరసగా రాస్తే 1101. పదమూడుకు బైనరీ అదే. ప్రతి కొలతా ఒకసారి వాడతాం, లేదా వాడం. అందుకే 0, 1 తప్ప ఇంకో అంకె రాదు. ఒకే కొలత రెండుసార్లు కావాల్సి వస్తే దాని పైది తీసుకుంటాం కదా.

కోడ్‌లో రాయాలంటే ముందు సున్నా, బీ అక్షరం పెట్టి ఆ తర్వాత 1101. పైథాన్‌లో, జావా 7 నుంచి ఇది పనిచేస్తుంది. సీలో సీ23తో ప్రమాణంలోకి వచ్చింది, జీసీసీ కంపైలర్ మాత్రం అంతకు చాలా ముందు నుంచే ఒప్పుకునేది.

హెక్స్ దేనికి?

హెక్స్ అంటే పదహారుల లెక్క. నాలుగు బైనరీ అంకెలను ఒక గుర్తుగా కుదించడానికి. సున్నా, ఎక్స్ ముందు పెట్టాలి. 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు 10 నుంచి 15కు. రంగుల కోడ్లలో కనిపించే ఎఫ్‌ఎఫ్ అంటే 255.

ఒక చిక్కు ఉంది. సీలో సున్నా ఎక్స్ ఇ, ప్లస్, 1 ఖాళీ లేకుండా రాస్తే 14కి 1 కలిపి 15 ఇస్తుందని అనుకుంటాం. ఇ పక్కన ప్లస్ కనిపించేసరికి మొత్తాన్నీ ఒకే సంఖ్యగా చదవబోయి కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. మధ్యలో ఖాళీ పెడితే సరిపోతుంది.

500కి 437 మార్కులు. పర్సంటేజ్ సున్నా వస్తోంది!

437/500*100 అని రాశారు కదా. సీలోనూ జావాలోనూ రెండు పూర్ణాంకాలను భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది. 437లో 500 సున్నాసార్లు. సున్నాను వందతో హెచ్చించినా సున్నాయే. 437.0/500*100 అని రాస్తే 87.4 వస్తుంది. ఆ చుక్క, సున్నా విలువను మార్చలేదు, రకాన్ని మార్చాయి. 437 పూర్ణాంకం, 437.0 దశాంశ సంఖ్య. మెషిన్‌కు అవి రెండూ వేర్వేరు వస్తువులు.

"ముందు వందతో హెచ్చిస్తే సరిపోతుంది కదా" అని తెలివైన పిల్లలు 437*100/500 అని రాస్తారు. కొత్త కంపైలర్లో 87 వస్తుంది, పాయింటు తర్వాతది పోతుంది. టర్బో సీలో అయితే -43 వస్తుంది. అందులో ఇంట్‌కు రెండు బైట్లే, గరిష్ఠం 32767. 43700 అందులో పట్టక తిరగబడి -21836 అవుతుంది. రికార్డులో ఒక జవాబు, ల్యాబ్ మెషిన్‌లో ఇంకో జవాబు వచ్చి ఎగ్జామ్ రోజు టెన్షన్ పడేది ఇలాంటి వాటికే. పైథాన్ 3లో ఈ బాధ లేదు, 437/500 నేరుగా 0.874.

0.1 + 0.2 అంటే 0.30000000000000004 ఎందుకు వస్తోంది?

మళ్లీ పాత కొలతలకే వెళ్దాం. అర, పావు, అరపావు, వీసం. సగం, సగంలో సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం. మెషిన్ దగ్గర పాయింటు తర్వాత ఉండే కొలపాత్రలు ఇవే. వీటితో 0.5 కొలవగలం, 0.75 కొలవగలం, అర, పావు కలిపితే అయిపోయింది. ఇప్పుడు సరిగ్గా పదో వంతు కొలవండి.

వీసం అంటే పదహారో వంతు, 0.0625. వేశాం. దానిలో సగం 0.03125 కూడా వేశాం. 0.09375 అయింది. తర్వాతి సగం పెద్దదైపోతుంది, ఆ తర్వాతిదీ పెద్దదే. 256వ వంతు వేస్తే 0.09765625. 512వ వంతు వేస్తే 0.099609375. దగ్గరికి వెళ్తూనే ఉంటాం, ఎప్పటికీ సరిగ్గా చేరం. పదిలో అయిదు అనే భాగం ఉంది, సగాలు చేసుకుంటూ పోయే లెక్కలో అయిదో వంతు ఎప్పటికీ తేలదు. మెషిన్ ఎక్కడో ఒకచోట ఆపాలి. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం డబుల్ అనే దశాంశ సంఖ్యల రకానికి 53 బిట్ల దగ్గర సర్దుతారు. 0.1లో కొంచెం తేడా, 0.2లో కొంచెం తేడా, కలిపితే చివర ఆ 4 కనిపిస్తుంది.

మీరు రాసిన 0.1 తప్పు కాదు. పైథాన్ తప్పు కూడా కాదు. సీలో అయినా, జావాలో అయినా లోపల ఉండేది ఇదే, కొన్నిచోట్ల ప్రింట్ చేసేటప్పుడు తక్కువ అంకెలు చూపిస్తారు కాబట్టి కనపడదు.

అయితే డబ్బుల లెక్క ఎలా?

పైసల్లో, పూర్ణాంకంగా. రూ. 49.50 అంటే 4950. లేదా పైథాన్‌లో డెసిమల్, జావాలో బిగ్‌డెసిమల్. వాటికి విలువ ఇచ్చేటప్పుడు "0.1" అని కొటేషన్లలో ఇవ్వాలి. కొటేషన్ లేకుండా ఇస్తే ఆ సర్దుబాటు తేడాతో సహా లోపలికి వెళ్తుంది.

ఫ్లోట్ ఎక్స్ = 0.7 ఇచ్చి, ఎక్స్ < 0.7 అని అడిగితే నిజం అంటోంది!

ఇంటర్వ్యూల్లో బాగా అడిగే ప్రశ్న. సీలో 0.7 అని రాస్తే అది డబుల్. ఎక్స్ ఫ్లోట్ కాబట్టి తక్కువ బిట్లలో సర్దుకుని దాదాపు 0.69999999 దగ్గర ఆగింది. పోల్చేటప్పుడు పక్కన పూర్తి డబుల్ ఉంది, కాబట్టి ఎక్స్ చిన్నదే. 0.7 పక్కన ఎఫ్ అక్షరం పెట్టి రాస్తే అదీ ఫ్లోట్ అవుతుంది, పోలిక కుదురుతుంది. 0.5తో ఈ ప్రయోగం చేస్తే తేడా రాదు. ఎందుకో పై జవాబులో అర కొలత దగ్గర ఉంది.

జావాలో ఫ్లోట్‌కు ఎఫ్ లేకుండా 0.7 ఇవ్వనే ఇవ్వనివ్వదు.

30 రోజులకు ఎన్ని మిల్లీసెకన్లో లెక్క వేస్తే మైనస్ వచ్చింది. లాంగ్ వేరియబులే పెట్టాను కదా?

జావాలో 30*24*60*60*1000 అని రాశారు. రావాల్సింది 2592000000, వచ్చింది -1702967296. మీరు లాంగ్ (ఇంట్ కన్నా పెద్ద పూర్ణాంక రకం) పెట్టింది తీసుకునే గిన్నెకు. కానీ వంట అంతా ఇంట్‌లోనే జరిగింది, ఎందుకంటే రాసిన అయిదు సంఖ్యలూ ఇంట్‌లే. పొంగిపోయాక పెద్ద గిన్నెలో పోసి లాభం లేదు. మొదటి 30 పక్కన ఎల్ అక్షరం పెట్టండి, మొత్తం లాంగ్‌లో జరుగుతుంది. పెద్ద ఎల్ మాత్రమే వాడండి. చిన్న ఎల్ 1లా కనిపించి, 30 పక్కన పెడితే 301 అని చదివేస్తాం.

1ఇ5 అంటే లక్షేనా?

లక్షే, కానీ దశాంశ సంఖ్యగా లక్ష. ఇ అక్షరం పక్కన ఉన్నది పది ఘాతం. ఇంటర్ కెమిస్ట్రీలో చదివిన అవగాడ్రో సంఖ్యను 6.02214076ఇ23 అని రాస్తాం. పైథాన్‌లో రేంజ్‌కు 1ఇ5 ఇస్తే ఒప్పుకోదు, పూర్ణాంకమే అడుగుతుంది. అక్కడ 1_00_000 రాయండి.

-5 కూడా కాన్‌స్టెంటేనా?

5 కాన్‌స్టెంట్, మైనస్ దాని మీద పనిచేసే ఆపరేటర్. పైథాన్‌లో -2**2 (** అంటే ఘాతం) రాస్తే -4 వచ్చేది అందుకే. ముందు ఘాతం, తర్వాత మైనస్.

5కీ '5'కీ తేడా?

సీలో '5' అంటే ఆ అక్షరం గుర్తు, ఆస్కీ (అక్షరాలకు సంఖ్యలిచ్చే పద్ధతి) విలువ 53. అంకె కావాలంటే '5' నుంచి '0' తీసేయాలి, 53లోంచి 48.

వేరియబుల్ పేరు అంకెతో ఎందుకు మొదలుపెట్టకూడదు?

అంకె కనపడగానే కంపైలర్ సంఖ్య వస్తోందని చదవడం మొదలుపెడుతుంది. పలాస జీడిపప్పు గ్రేడులు చూడండి: డబ్ల్యూ 240, డబ్ల్యూ 320. పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయో ఆ అంకె చెప్తుంది. ఇంగ్లీషు డబ్ల్యూ ముందు పెట్టి 320ని దానికి కలిపి రాస్తే మంచి వేరియబుల్ పేరు. తిరగేసి 320 ముందు పెడితే ఎర్రర్.

౧౨౩ అని తెలుగు అంకెలు రాయొచ్చా?

కోడ్‌లో నేరుగా రాయలేం. పైథాన్‌లో ఎక్స్ = ౧౨౩ అంటే ఎర్రర్. కానీ కొటేషన్లలో పెట్టి ఇంట్ ఫంక్షన్‌కు ఇస్తే సరిగ్గా 123 ఇస్తుంది! జావాలో పార్స్‌ఇంట్ కూడా అంతే. యూనికోడ్‌లో మన ౦ నుంచి ౯ వరకు అంకెలన్నిటికీ వాటి విలువలు రాసి ఉన్నాయి, ఈ భాషలు వాటిని చూసుకుంటాయి. తాతల నాటి దస్తావేజుల్లోని తేదీలు, సర్వే నంబర్లు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది.

పాత భిన్నాల గుర్తులు కూడా 2008లో యూనికోడ్‌లోకి చేరాయి. "హళ్లికి హళ్లి, సున్నకు సున్న" అంటాం కదా, ఆ హళ్లి గుర్తు కూడా వాటిలో ఉంది. అవి నాలుగుల లెక్కలో నడిచేవి. వాటిని ఇంట్‌కు ఇస్తే మాత్రం పైథాన్ తీసుకోదు. వాటి కోసం మనమే ఫంక్షన్ రాసుకోవాలి. కిందటి బ్యాచ్‌లో ఇద్దరు పిల్లలు మొదలుపెట్టారు. అర, పావు, ముప్పాతిక వరకు వచ్చేశాయి, వీసం దగ్గర ఉన్నారు.